సరిచేసి చెడగొట్టిన అకార్డియన్

ఖమ్మం కొత్త బస్టాండులో ఉదయం ఆరూ పదికి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆగస్టు నెల, మంగళవారం, మూడు రోజులుగా వదలని ముసురు. భుజాన బట్టల సంచి, చేతిలో రేకు పెట్టె. పెట్టెలో సన్నని ఆకురాళ్లు, స్క్రూడ్రైవర్లు, మైనం ముద్ద, తోలు ముక్కలు ఉన్నాయి. నేను హార్మోనియంలు బాగుచేస్తాను. ముప్పై ఏళ్లుగా అదే పని. ఈ బస్సెక్కేవాళ్లలో సగం మంది రాములవారి మొక్కు చెల్లించడానికి వెళతారు. నేను వెళ్లింది చేజేతులా చేసిన తప్పు దిద్దుకోవడానికి. ఆ తప్పేమిటో ముందే చెప్పేస్తాను, దాచుకుని చేసేదేముంది.

ఏప్రిల్‌లో సుజాత అనే అమ్మాయి ఒక పాత అకార్డియన్ తెచ్చి నా షాపులో పెట్టింది. ఆమె భద్రాచలం దాటాక చర్ల రోడ్డులో ఒక ఊళ్ళో నర్సు. అకార్డియన్ ఆమె మేనత్త రోజమ్మ టీచర్‌ది. భుజాలకు తగిలించుకుని, ఎడమ చేత్తో తిత్తి లాగుతూ మూస్తూ, కుడి చేత్తో మెట్లు వాయించే పెట్టె అది. మన హార్మోనియానికి దూరపు చుట్టం. టీచరమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండగా, ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఆమెకు పియానో, అకార్డియన్ రెండూ నేర్పిందట. చర్చిలో పాడే పాటలతో పాటు తమ దేశపు పల్లె పాటలు, గంతులేసే నాట్యాల వరసలు కూడా నేర్పింది. దాన్ని కెల్టిక్ సంగీతం అంటారని సుజాతే చెప్పింది. ఆ మాట నేను వినడం అదే మొదలు.

తిత్తికి చిల్లులు పడ్డాయి, తోలు ఎండిపోయింది. అవి బాగుచేసి ఊరుకుంటే నా అంత బుద్ధిమంతుడు ఉండడు. ఆ పెట్టెలో ఒక్కో మెట్టు కింద రెండేసి రీడ్లు ఉంటాయి. రీడు అంటే గాలి తగిలితే మోగే పలుచని లోహపు నాలుక. ఆ జంటలో రెండూ ఒకే శ్రుతిలో లేవు. ఒకటి రవ్వంత పైన ఉంది. రెండూ కలిసి మోగితే స్వరం సన్నగా వణికేది. హార్మోనియంలో అది లోపం. ముసలి పెట్టె, శ్రుతి తప్పిందనుకున్నాను. ఎవరూ అడగకుండానే పన్నెండు రోజులు కూర్చుని, ఫోన్లో శ్రుతి చూసుకుంటూ, ప్రతి జంటనూ గీత గీసినట్టు ఒకే శ్రుతికి తెచ్చాను. ఇంత శుభ్రంగా చేసేవాడు జిల్లాలో ఇంకొకడు లేడని టీకొట్టు దగ్గర చెప్పుకున్నాను కూడా.

జూన్‌లో సుజాత ఫోన్ చేసింది. "అంకుల్, అత్తమ్మ పెట్టె ముట్టుకుంటలేదు. గొంతు తనది కాదంటుంది."

నాకు ఒళ్ళు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నేను. ముసలావిడకు చెవులు మందగించి ఉంటాయని మనసులో అనుకుని ఫోన్ పెట్టేశాను. కానీ ఆ రోజంతా పని సాగలేదు. సాయంత్రం ఫోన్లో ఐర్లాండ్ అకార్డియన్లు వెతికి విన్నాను. ఒకరి తర్వాత ఒకరు, పది మంది. ఎవరి పెట్టె విన్నా అదే వణుకు. అది లోపం కాదు, అది ఆ సంగీతం గొంతు. కావాలనే అలా పెట్టుకుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని.

జూలైలో మళ్ళీ ఫోన్. ఈసారి నేననుకున్న మాటే నిజమై వచ్చింది. "అత్తమ్మకు కుడి చెవి మొత్తం పోయింది అంకుల్. ఎడమది గూడ కొన్ని నెలలే అన్నరు. ఎంత వణుకు ఉండాల్నో ఆమె ఒక్కదానికే ఎరుక. చేస్తే గిప్పుడే చెయ్యాలె."

అదీ సంగతి. కొలత ఒక్క చెవిలో ఉంది, ఆ చెవి మూసుకుపోతోంది.

వైరా దాటేసరికి ఏడు. రిజర్వాయరు మీద వాన తెరలు తెరలుగా పడుతోంది, అవతలి గట్టు కనబడలేదు. ఆడవాళ్లకు టికెట్ లేకపోవడంతో బస్సు నిండా వాళ్ళే. నాకు తల్లాడలో కానీ సీటు దొరకలేదు. అంతవరకూ నా రేకు పెట్టె అందరి కాళ్లకూ అడ్డమే.

"సార్, గా పెట్టె జర సీటు కిందికి నూకుర్రి. తొవ్వల ఉన్నది" అన్నాడు కండక్టర్. ఆరోసారి.

సీటు దొరికాక పక్కన కూర్చున్నతను సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు మీద పనిచేస్తానన్నాడు. పెట్టెలో ఏముందని అడిగాడు. చెప్పాను.

"గిసొంటి పని ఇంక ఉన్నదా సార్? అంతా కీబోర్డులేనాయె."

"అవ్, ఉన్నది. నాతోనే అయిపోతది" అన్నాను.

అతను నవ్వలేదు. "మా కాడ గూడ గంతే సార్. కట్టె ఏరే పని మా నాయన చేసిండు. ఇప్పుడు మిషిన్ చేస్తది" అని కిటికీ వైపు తిరిగాడు.

కొత్తగూడెం ఎనిమిదీ ఇరవైకి వచ్చింది. పావుగంట ఆపుతారు. బస్టాండు బయట ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీ మాత్రం నీళ్లే. రైలు మీద వచ్చేవాళ్లకు ఒక మాట. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉన్నది ఇక్కడే, భద్రాచలంలో కాదు. అక్కడి నుంచి ఇంకో గంట బస్సు. పేరు నమ్మి దిగి గోదావరి ఎక్కడని అడిగేవాళ్లను ఆ రోజూ ఇద్దరిని చూశాను.

పాల్వంచ తర్వాత రెండు వైపులా చెట్లు దగ్గరగా వస్తాయి. జామాయిల్ దుంగల లారీలు వరసగా మిల్లు వైపే పోతున్నాయి. సారపాకలో మిల్లతను దిగుతూ "మంచిగ చెయ్యుర్రి సార్" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మంచిగా చేయబోయే కదా ఇంత దాకా వచ్చింది. వంతెన మీద బస్సు నెమ్మదించింది. గోదావరి ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పోతోంది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కిటికీలోంచి రూపాయి బిళ్లలు విసిరి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.

తొమ్మిదీ యాభైకి భద్రాచలం. బస్టాండుకు దగ్గర్లో లాడ్జిలో ఏడు వందలకు గది తీసుకున్నాను. గోడలు చెమ్మకు ఉబ్బి ఉన్నాయి, దుప్పటి మాత్రం ఉతికినదే. సంచి పడేసి పదీ ముప్పావుకు చర్ల బస్సు పట్టుకున్నాను. రోడ్డుకు ఒక పక్క వరి మళ్లు, ఒక పక్క అడవి. నా ముందు సీట్లో ఒక పెద్దమ్మ ఫోన్లో కోయభాషలో గట్టిగా మాట్లాడుతూ, మధ్యలో నా వైపు తిరిగి తెలుగులో "వాగు మీదికి నీళ్లొస్తున్నయంట. రేపు మాపటికి బస్సు బంద్ పెడ్తరేమో" అంది. మళ్ళీ తన భాషలోకి వెళ్ళిపోయింది. ఆ కబురు నాకోసమే చెప్పిందని తర్వాత అర్థమైంది, ఎందుకంటే బస్సులో కొత్తమొహం నాదొక్కటే.

దిగిన ఊరి పేరు రాయడం లేదు. టీచరమ్మ వద్దంది. రోడ్డుకు నాలుగడుగుల్లో చిన్న చర్చి, దాని వెనక రేకుల వరండా ఉన్న ఇల్లు. సుజాత గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది. రోజమ్మ టీచర్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్లు, బక్కపలచని మనిషి, తెల్ల నేత చీర, మందపు కళ్లద్దాలు. నేను దండం పెట్టాను.

"నువ్వేనా సత్యం? రా. ఎడమ దిక్కు కూసో, కుడి దిక్కు చెప్తే వినపడది."

కూర్చుని, బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ అప్పజెప్పాను. తెలియక చేశానని, మంచి ఉద్దేశంతోనే చేశానని. ఆమె పూర్తిగా విన్నది.

"తెలువక చేసినవు. నిజమే. కానీ తప్పు నీదే బిడ్డా. కాదని నేననను" అంది.

ఓదారుస్తుందేమో అని ఆశపడి వచ్చినవాడిని, నోరు మూసుకుని పెట్టె విప్పాను.

సుజాత టీ ఇచ్చి డ్యూటీకి వెళ్ళింది. పన్నెండింటికి పని మొదలుపెట్టాం. పని ఇలా సాగింది. ఒక మెట్టు తాలూకు రీడ్లు బయటికి తీస్తాను. జంటలో ఒకదాని కొస ఆకురాయితో రెండు సార్లు గీకుతాను. కొస గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. మళ్ళీ బిగించి తిత్తి లాగుతాను. టీచరమ్మ ఎడమ చెవి పెట్టెకు ఆనించి కళ్ళు మూసుకుంటుంది. "ఇంకొంచెం" అంటుంది, లేదా "ఎక్కువైంది" అంటుంది. సరిపోతే "చాలు" అంటుంది. అప్పుడు నేను గడియారం చూసి ఆ వణుకు పది సెకన్లకు ఎన్నిసార్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాను. ముప్పై నాలుగు మెట్లు. తిత్తి లాగేటప్పుడు మోగేది ఒక నాలుక, మూసేటప్పుడు మోగేది ఇంకో నాలుక, కాబట్టి పని రెండింతలు.

మధ్య మధ్య ఆమె మాట్లాడేది. హాస్టల్లో పియానో ఉండేదట. వానాకాలం చెమ్మకు మెట్లు ఉబ్బి అతుక్కుపోతాయని, సిస్టర్ దాని కడుపులో రాత్రింబవళ్లు బల్బు వెలిగించి ఉంచేదట. "పిల్లలకు చదువుకోను దీపం లేదు గానీ పియానోకు ఉన్నదని వంటమనిషి తిట్టేది" అంది. ఆ పియానో చెదలు తిని పోయింది. సిస్టర్ తన దేశం వెళ్ళిపోతూ అకార్డియన్ ఈమెకిచ్చింది. అప్పటి నుంచి చుట్టుపక్కల పెళ్ళిళ్లకు గంతుల వరసలు, సమాధి దాకా శవం వెంట నడుస్తూ నిదానపు పాటలు, అన్నీ ఈ పెట్టె మీదే. క్రిస్మస్‌కు ఐర్లాండ్ నాట్యపు వరస ఒకటి వాయిస్తే ఊరి పిల్లలు దానికి కోలాటం వేసేవాళ్లట. ఆరు మాత్రల నడక, అడుగులు సరిగ్గా సరిపోయాయట.

"పియానో కాడికి మనిషి పోవాలె. ఇది మనిషి కాడికి వస్తది" అంది.

"ఇన్ని రకాలు ఎట్ల వాయించిన్రు టీచరమ్మా?"

"వాయించక? చావుకు రమ్మన్నా నేనే, పెండ్లికి రమ్మన్నా నేనే. ఇంకెవలున్నరు?"

అయిదింటికి కింది స్వరాల పద్దెనిమిది మెట్లు పూర్తయ్యాయి. ఒక్కోటి సరిపడగానే ఆమె మొహంలో తెలిసేది. పోయిన మనిషి గొంతు పక్క గదిలోంచి వినబడితే ఎలా చూస్తామో అలా చూసింది. నాకు కడుపు నిండింది. చివరి బస్సుకు భద్రాచలం వచ్చి, రోటీ తిని పడుకున్నాను.

బుధవారం ఏడున్నర బస్సుకే వెళ్లాను. వాన ఆగలేదు. వాగు దగ్గర నీళ్లు వంతెనకు జానెడు కింద ఉన్నాయి. మూడు గంటల బస్సు తర్వాత ఇంకో బస్సుకు నాది పూచీ కాదన్నాడు డ్రైవర్.

పై మెట్లు మొదలుపెట్టాం. పై రీడ్లు చిన్నవి, గోటి కొస అంత. ఒక్క గీత ఎక్కువైతే పోయినట్టే. అయినా పని నిన్నటికంటే చకచకా సాగింది. టీచరమ్మ ఇవాళ కళ్ళు మూసుకోవడం లేదు. "ఇంకొంచెం", "ఇంకొంచెం", "చాలు". ఎక్కువైందనే మాటే రాలేదు. నా చేయి కుదిరిందని లోలోపల మురిసిపోయాను.

పదకొండు దాటాక చిన్న పొరపాటు చేశాను. గీకిన మెట్టు బదులు దాని పక్కది నొక్కాను. దానికి ఇంకా ఆకురాయి తగల్లేదు. ఏప్రిల్‌లో నేను చంపిపెట్టినట్టే చదునుగా, వణుకు లేకుండా మోగింది.

"చాలు. అదే" అంది టీచరమ్మ.

మళ్ళీ ఇంకో ముట్టుకోని మెట్టు నొక్కాను.

"ఆఁ, ఇది గూడ సరిపోయింది."

తల ఎత్తి చూశాను. ఆమె పెట్టెను చూడటం లేదు. నా మొహం చూస్తోంది. ఆమెకే అర్థమైంది.

"దొరికిపోయిన్నా?" అంది.

"ఎన్ని రోజులాయె టీచరమ్మా?"

"పై సగం రెండు నెలలాయె వినపడక. కింది సగం ఉన్నది. నిన్న చేసినవి నా చెవితోనే చెప్పిన, ఒట్టు. ఇయ్యాల్టివి నీ మొఖం చూసి చెప్పిన. నీకు మంచిగనిపిస్తే నీ కనుబొమ్మలు కిందికి దిగుతయ్."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. రెండు నెలల కింద వచ్చి ఉంటే? జూన్‌లో ఫోన్ రాగానే కోపం తెచ్చుకోకుండా ఆ మర్నాడే బస్సెక్కి ఉంటే? ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా నాదే పాపమని తేలింది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు పై మెట్లు వదిలేస్తవు. వదిలేస్తే సుజాత ఎందుకని అడుగుతది. దానికి తెలువద్దు బిడ్డా. రెండు చెవులు పోతున్నయని తెలిసిన కాడి నుంచి దానికి నిద్ర లేదు. ఇంత జల్దీ పోతున్నదని తెలిస్తే నౌకరీ విడిచిపెట్టి నన్ను హైదరాబాద్ దవాఖానాలల్ల తిప్పుతది. నాకు ఈడనే ఉండాలె." కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, "నువ్వు చెప్పవు గదా?" అంది.

చెప్పనన్నాను.

తర్వాత మిగిలిన మెట్లు నేనొక్కడినే చేశాను. నిన్న రాసుకున్న అంకెలు ముందు పెట్టుకున్నాను. కింది నుంచి పైకి వణుకు ఎలా వేగం పెరుగుతూ వచ్చిందో చూసి, ఆ వరసలోనే పై వాటికి లెక్క కట్టాను. పొద్దున తొందరపడి చేసినవి కూడా విప్పి మళ్ళీ చేశాను. టీచరమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. అన్నం పెడతానంటే వద్దన్నాను. ఎవరూ వినని స్వరాల మీద అంత జాగ్రత్తగా పని చేయడం నా జన్మలో అదే మొదటిసారి. రెండున్నరకు చివరి రీడు బిగించాను. పైనుంచి కిందికి ఒకసారి మెట్లన్నీ నడిపి చూశాను. నా చెవికి ఒక్క చోట కూడా అతుకు తెలియలేదు.

"ఒక్క పాట వాయించండి టీచరమ్మా" అని అడిగాను.

"నువ్వు పో. నువ్వుంటే నీ మొఖమే చూస్త. బస్సు పోతది."

పెట్టె సర్దుకుని రోడ్డు మీదికి వచ్చాను. మూడింటి బస్సు మూడూ పదికి వచ్చింది. వాగు మీద నీళ్లు చక్రాల సగం దాకా ఉన్నాయి. బస్సులో ఎవరూ మాట్లాడలేదు, దాటాక అందరూ ఒక్కసారే మాట్లాడారు. నాలుగుంబావుకు భద్రాచలం. లాడ్జిలో సంచి తీసుకుని నాలుగూ ముప్పావు ఖమ్మం బస్సులో కిటికీ సీటు సంపాదించాను. గుడికి వెళ్లలేదు. వెళ్ళే మొహం లేదు.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. వానాకాలం వెళితే వాగుల సంగతి కనుక్కుని వెళ్లండి. భద్రాచలం దాటాక మధ్యాహ్నం తర్వాతి బస్సును నమ్మకండి. అడవి బాగుంటుందని అందరూ అంటారు, ఉండే ఉంటుంది. రెండు రోజులు దాని పక్కన కూర్చుని కూడా నేను ఆకురాయి వంక తప్ప ఎటూ చూడలేదు. నాకు ఆ ప్రాంతమంటే ఒక రేకుల వరండా, దాని మీద ఆగని వాన, ఆ చప్పుడు సగమే వినబడే ఒక మనిషి. ఆలస్యంగా వెళ్లానన్న దిగులు తప్ప నేను వెంట తెచ్చుకున్నదేమీ లేదు.

పాల్వంచ దాటాక ఫోన్ మోగింది. సుజాత.

"అంకుల్, ఇనుర్రి. అత్తమ్మ వాయిస్తుంది."

ఫోన్ పెట్టె దగ్గర పెట్టినట్టుంది. బస్సు రొదలో ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవికి ఫోన్ అదుముకున్నాను. నిదానపు పాట. సమాధి దాకా నడిచేటప్పుడు వాయించేదేమో. వణుకు ఉంది. నిన్న ఆమె చెవి ఒప్పుకున్నంతే, ఎక్కువా తక్కువా లేకుండా ఉంది. పాట పైకి ఎక్కాల్సిన చోటు వచ్చింది. ఎక్కలేదు. ఆమె చేయి దాన్ని మడిచి మళ్ళీ కింది మెట్ల మీదికే తెచ్చింది. రెండోసారి వచ్చినప్పుడూ అంతే. మొత్తం పాటంతా కింది సగంలోనే, తనకు వినబడే జాగాలోనే తిప్పి వాయించింది. పాట అయిపోయింది.

"మస్తుగున్నది అంకుల్, పాత గొంతే వచ్చింది" అంది సుజాత. తర్వాత గొంతు తగ్గించింది. "గానీ పై మెట్ల మీదికి చెయ్యి పోనిస్తలేదు. ఎందుకత్తమ్మా అంటే నవ్వుతుంది. అవి బాగు కాలేదా అంకుల్?"

ముప్పై ఏళ్లలో నా చేతి పని గురించి నేను గొప్పలు చెప్పుకున్నానే తప్ప తక్కువ చేసి చెప్పింది లేదు. ఆ పై పదహారు మెట్లు నేను ఇన్నేళ్లలో చేసిన పనులన్నింటిలోకీ మంచి పని.

"అవ్ బిడ్డా" అన్నాను. "అవి నాతో కాలేదు."

"పోనీలే అంకుల్" అంది సుజాత. "సగమన్నా చేసిన్రు."